ఖాళీ ఇంటి కరెంటు

మా ఆఫీసులో అన్నిటికంటే చల్లని గది మాదే. ఆ చల్లదనం మనుషుల కోసం కాదు, కంప్యూటర్ల కోసం. మండు వేసవిలో కూడా నేనూ వదినా చెరో శాలువా కప్పుకుని కూర్చునేవాళ్ళం. ఊరంతా కొత్త మీటర్లు బిగించాక అవి పంపే లెక్కలన్నీ ఆ గదిలోకే వచ్చి పడేవి. ఏ వీధిలో ఎంత వాడుతున్నారు, ఏ ట్రాన్స్‌ఫార్మరు మీద బరువు పెరుగుతోంది, ఎవరు దొంగతనంగా లాగుతున్నారు, ఇవి కనిపెట్టడం మా పని. ఇదివరకు రీడింగు తీసే మనిషి నెలకోసారి వచ్చి గేటు తట్టేవాడు. ఇప్పుడు ప్రతి పావుగంటకీ ప్రతి ఇల్లూ తన సంగతి తనే వచ్చి చెప్పుకుంటోంది.

ఆ లెక్కలు స్క్రీను మీద గీతలుగా పడతాయి. కొన్నాళ్ళు ఆ గీతలు చూస్తే వాటి వెనక మనుషులు కనబడటం మొదలవుతుంది. గీజరు వేస్తే గీత గోడలా లేస్తుంది. ఫ్రిజ్ అయితే ఊపిరి తీస్తున్నట్టు మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది. మోటారు ఆన్ చేసిన క్షణాన ముల్లులా పైకి పొడుచుకొస్తుంది. వదిన ఆ గీతలు చూసి ఇళ్ళల్లో సంగతులు చెప్పేది.

"ఈ ఇంటికి అత్తగారు దిగింది చూడు పిచ్చుకా. తెల్లారీ తెల్లారకుండానే మిక్సీ మోగుతోంది."

"పాపం, ఈయనకి ఉద్యోగం పోయినట్టుంది. పగలంతా ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది."

నేను సన్నగా ఉంటానని నాకు పిచ్చుక అని పేరు పెట్టింది. ఆవిడ మా అన్నయ్య భార్య. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు, పక్కపక్క కుర్చీలు. అన్నయ్యదీ మా ఆఫీసే, మీటర్లు బిగించే జట్టులో ఉండేవాడు. కిందటి వానాకాలంలో జ్వరం వచ్చి, నేను రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు, ఇంట్లోనే, వదిన ఒక్కతే పక్కనుండగా పోయాడు. ఆ తర్వాత వదిన జోకులేమీ తగ్గలేదు. నిద్ర తగ్గింది. కూర్చున్నచోట కూర్చోలేకపోయేది. కంచం ముందు నుంచి లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడేది. ఆఫీసులో పని మధ్యలో ఉన్నట్టుండి అన్నయ్య సంగతేదో ఎత్తేది. మేము, అంటే నేనూ మిగతావాళ్ళూ, ఆవిడ ఏడుస్తుందేమోనని వెంటనే మాట మార్చేసేవాళ్ళం.

ఊరి చివర ఒక పాత అపార్ట్‌మెంటు ఉంది. పెచ్చులూడిపోతోందని కూల్చడానికి నిర్ణయించారు. అందరూ ఖాళీ చేసి వెళ్ళిపోయారు. కరెంటు లైను మాత్రం ఇంకా తీయలేదు. ఆ బిల్డింగులో పై అంతస్తు ఫ్లాటులో ఎవరో కరెంటు వాడుతున్నారని మా కంప్యూటరు ఒకరోజు ఎత్తి చూపించింది. ఎక్కువేమీ కాదు, ఒక్క బల్బుకు సరిపోయేంత.

చూసి రమ్మని టార్చి బాబాయిని పంపాం. ఆయన మా సీనియర్ లైన్‌మ్యాన్. మిట్టమధ్యాహ్నం కూడా జేబులో టార్చి లేకుండా కదలడు కాబట్టి ఆ పేరు. చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చాడు.

"బల్బు దేవుడెరుగు తల్లీ, బల్బు పెట్టే హోల్డరే లేదు. తలుపులు, కిటికీలు కూడా ఊడబీక్కుపోయారు. ఎందుకైనా మంచిదని కింద మీటరు బోర్డు దగ్గర పైకి వెళ్ళే వైరు కత్తిరించేసి వచ్చా. ఇహ గాలిలోంచి లాక్కోవాలి."

మర్నాడు కూడా లోడు వచ్చింది. మీటరు మార్చాం. కొత్త మీటరూ అదే పాట పాడింది. మా సెక్షన్ సారు విసుక్కున్నారు. "మీటరుకేదో జబ్బు. బిల్డింగు పడగొడితే అదే వదిలిపోతుంది. మీకు వేరే పని లేదా?"

మేమూ వదిలేసేవాళ్ళమే. కానీ రోజూ పొద్దున్నే అనుమానపు ఇళ్ళ జాబితా తెరవగానే మొట్టమొదట అదే కనబడేది. గుడ్డలో ముల్లు గుచ్చుకున్నట్టు చిరాకు. చివరికి వదిన దాన్ని నిఘాలో పెట్టింది. అలా పెడితే మీటరు పావుగంటకోసారి కాదు, క్షణం క్షణం లెక్క పంపుతుంది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం వదిన చాలాసేపు మాట్లాడలేదు. వదిన మాట్లాడలేదంటే ఏదో అయినట్టే. తిరిగి చూశాను. స్క్రీను మీద వేలు పెట్టి కూర్చుంది.

"ఇది చూడు. పొద్దుటి లెక్క."

గీజరు గోడలా లేచింది, దిగింది. తర్వాత ఇస్త్రీపెట్టె. ఒక్క చొక్కాకి పట్టేంత సేపు. ఆ తర్వాత చిన్న బల్బు ఆరింది, వెలిగింది, మళ్ళీ ఆరింది. గీత మీద జంటగా రెండు పళ్ళు.

అన్నయ్య బాత్రూమ్ లైటు ఆర్పి, ఆరిందో లేదోనని మళ్ళీ వేసి ఆర్పేవాడు. చిన్నప్పుడు నాన్న చేత తిట్లు తిన్నా ఆ అలవాటు పోలేదు.

"ఊళ్ళో అలాంటివాళ్ళు చాలామంది ఉంటారు వదినా."

"ఉంటారు. ఖాళీ ఇంట్లో ఎందుకుంటారు?"

ఆ తర్వాత వదిన ఆ స్క్రీను ముందు నుంచి లేవడం మానేసింది. ఒకసారి నేను మంచినీళ్ళు తాగి వస్తుంటే ఆవిడ గొంతు తగ్గించి ఎవరితోనో అంటోంది.

"ఇవాళ ఇస్త్రీ చేసుకోలేదేం? నలిగిన చొక్కా వేసుకునే బయల్దేరతారా?"

గదిలో ఎవరూ లేరు. ఆవిడ భుజం మీద నుంచి స్క్రీను కనిపిస్తోంది. పడుకుని ఉన్న గీత... లేచింది. ఇస్త్రీపెట్టె.

వదిన నవ్వింది. నాకు వీపు మీద చీమలు పాకినట్టయింది. అది ఏసీ చలి కాదు.

ఇంట్లో వదిన మా అన్నయ్య చెప్పులు లోపల్నుంచి తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. "దుమ్ము పట్టాయి, తుడిచాను" అంది. అవి మాత్రం బయటికి తిరిగి లేవు. ఎవరో ఇప్పుడే విడిచి లోపలికి వచ్చినట్టు, ఇంటివైపు తిరిగి ఉన్నాయి.

నాకూ నిద్ర పట్టడం మానేసింది. నేను చదువుకున్నది లెక్కలు. నాకు తెలిసిన దారి అదొక్కటే. మా ఇంటి మీటరు పాత లెక్కలు తీశాను, అన్నయ్య బతికున్నప్పటివి. వాటిని ఆ ఖాళీ ఇంటి గీతల మీద పరిచి చూశాను. ఈమధ్య రోజులవి అచ్చు గుద్దినట్టు ఒకటే. కానీ వెనక్కి వెళ్ళేకొద్దీ పోలిక తగ్గుతూ వచ్చింది. మొదట్లో అసలు పోలికే లేదు, ఒట్టి బల్బు. తర్వాత గీజరు వచ్చి చేరింది. తర్వాత ఇస్త్రీ. తర్వాత ఆ జంట పళ్ళు. ఒక్కొక్కటీ వచ్చి అతుక్కుంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ జంట పళ్ళు కనబడ్డానికి ముందు రోజే కదా, వదిన మా గదిలో కూర్చుని ఆ లైటు సంగతి చెప్పి నవ్వింది. గీజరు సంగతి చెప్పింది కూడా... అక్కడే.

ఆ గదిలోనే, ఆ స్క్రీను ముందే ఒక అబద్ధం చెప్పి చూద్దామనుకున్నాను.

"వదినా, నీకు తెలీదేమో. అన్నయ్యకి చిన్నప్పుడు చీకటంటే మహా భయం. లైటు ఆర్పితే పడుకునేవాడే కాదు."

వదిన నావైపు వింతగా చూసింది. "నాకెప్పుడూ చెప్పలేదే?"

"సిగ్గు."

అంతా నేను అల్లినదే. అన్నయ్య డాబా మీద చీకట్లో కూర్చుని ఈల వేసుకునే మనిషి.

మర్నాడు లెక్క తెరిచాను. రోజూ పడుకునే వేళకి ఆరిపోయే ఆ చిన్న బల్బు, రాత్రంతా ఆరలేదు. తెల్లారేదాకా గీత తిన్నగా, కదలకుండా, గుడ్లప్పగించి చూస్తున్నట్టు ఉంది.

అది అన్నయ్య కాదు. మా మాటలు వింటూ అన్నయ్యని నేర్చుకుంటున్న ఇంకేదో.

ఆ విషయం వదినకి ఎలా చెప్పాలో తెలీక పగలంతా నాలో నేనే నలిగిపోయాను. సాయంత్రం సారు పిలిస్తే వెళ్ళి వచ్చేసరికి పక్క కుర్చీలో శాలువా మాత్రమే ఉంది. ఫోను చేశాను. మోగుతోంది, తీయడం లేదు. బయట వాన మొదలైంది. ఆ స్క్రీను వైపు చూశాను.

అప్పుడే ఆ ఇంట్లో ఫ్యాను లోడు వచ్చింది. అంతకు ముందెప్పుడూ రాలేదు. ఇంటికెవరైనా వస్తే ఫ్యాను వేస్తాం కదా... అలా.

టార్చి బాబాయిని బతిమాలి జీపులో బయల్దేరాను. ఒళ్ళో ట్యాబు, అందులో ఆ ఇంటి గీత. మబ్బు మూసుకుపోయి పొద్దు గూకకముందే చీకటైపోయింది. దారంతా బాబాయి ఏవో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఆ బిల్డింగు గేటు కనబడగానే ఆ కబుర్లు ఆగిపోయాయి.

మెట్లంతా తడిసిన సిమెంటు వాసన, పావురాల రెట్ట వాసన. ప్రతి అంతస్తులోనూ తలుపుల్లేని గుమ్మాలు, పళ్ళూడిన నోళ్ళలా. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది. కింద మీటరు బోర్డు దగ్గర తెగిన వైరు రాగి మొన ఇంకా అలాగే గాలిలో వేలాడుతోంది. నేను చూశాను. బాబాయీ చూశాడు.

పై అంతస్తు గుమ్మం దగ్గర బాబాయి ఆగిపోయాడు.

"నేనిక్కడే ఉంటా తల్లీ. టార్చి మాత్రం లోపలికి వస్తుంది." చెయ్యి చాచి వెలుగు లోపలికి వేశాడు.

నేను అడుగు పెట్టాను.

ముందు వాసన తగిలింది. గడ్డం గీసుకునే సబ్బు. దాని వెనకే... వేడెక్కిన నూలుగుడ్డ వాసన. హాల్లో ఏమీ లేదు. పైకప్పుకి ఉత్త కొక్కెం. కానీ మొహానికి గాలి తగులుతోంది. పైనుంచి, గుండ్రంగా, ఆగి ఆగి.

లోపలి గదిలో వదిన నేల మీద కూర్చుని ఉంది. మూలకి తిరిగి.

"వదినా..."

"ష్... ఇప్పుడే స్నానానికి వెళ్ళారు."

ట్యాబులో గీత కదిలింది. చిన్న బల్బు. ఆరింది. వెలిగింది. ఆరింది. టార్చి తప్ప చుట్టూ ఎక్కడా వెలుగు లేదు. ఎక్కడా వెలగలేదు.

తర్వాత చప్పుడు. తడి పాదాలు నేల మీద పడుతున్న చప్పుడు... హాల్లోంచి... గుమ్మంలోంచి... మమ్మల్ని దాటి... మూల దగ్గర ఆగింది. టార్చి వెలుగులో దుమ్ము మీద రెండే రకాల కొత్త అడుగులున్నాయి. నావి, వదినవి.

టార్చి ఎర్రబడి సన్నగిల్లింది.

నేను వదిన పక్కన కూలబడి చెవిలో చెప్పాను. "అది అన్నయ్య కాదు. చీకటంటే భయమని నేను కల్పించి చెప్పాను. అది వినేసి..."

"తెలుసు."

"ఏంటి?"

"పెళ్ళైన కొత్తలో కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించనిచ్చేవారు కాదు పిచ్చుకా. చీకట్లోనే కబుర్లు చెప్పుకుందాం అనేవారు. ఆయనకి చీకటంటే భయమా?"

"మరెందుకొచ్చావు?"

"ఆయన పేరెత్తితే మీరంతా మాట మార్చేస్తారు. ఇదొక్కటే... అడుగుతుంది."

అప్పుడు విన్నాను. ట్రాన్స్‌ఫార్మరు పక్కన నిలబడితే వినబడే హోరు లాంటిది. మూలలోంచి వస్తోంది. అది విరిగి, విరిగి... మాటయింది.

"ఇంకా... చెప్పు..."

ఆ గొంతు అన్నయ్యది కాదు. ఎవరిదీ కాదు.

"నడిచేప్పుడు ఎడమ భుజం కొంచెం వంచేవారు" అంది వదిన, నిద్రలో మాట్లాడుతున్నట్టు.

మూలలో చీకటి చిక్కబడింది. మనిషి ఎత్తు. భుజాలు. ఎడమది... మెల్లగా వంగింది.

ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట నున్నగా ఉంది. ఆవిడ ఇంకా ముఖం గురించి చెప్పలేదు.

"ముఖం... చెప్పు..."

"నుదుటి మీద..."

నేను వదిన నోరు గట్టిగా మూసేశాను. నా అరచేతి కింద ఆవిడ పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఆ నున్నటి చోటు నావైపు తిరిగింది. దగ్గరకొచ్చింది. సబ్బు వాసన ముక్కుకి కొట్టింది.

"నువ్వు... చెప్పు... పిచ్చుకా..."

నాకు అరుపు రాలేదు. ఏదో చెప్పాలనిపించింది. అన్నయ్య కళ్ళు, మీసం, గడ్డం కింద గాటు... అన్నీ నాలుక చివరికి వచ్చేశాయి. ఒక్కొక్కటీ చెప్పేస్తే హాయిగా ఉంటుందనిపించింది.

వదిన నా చెయ్యి తోసేసింది. లేచి నిలబడి, నాకూ దానికీ మధ్యకి వచ్చింది. ఆ పేరు దాని నోట వినేసరికి ఆవిడ ఒళ్ళంతా మేలుకున్నట్టయింది.

"పిచ్చుకని వదులు. నేను చెబుతాను. ఇంకొక్కటుంది. అది ఎవరికీ చెప్పలేదు."

హోరు తగ్గింది. వింటోంది.

"జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోయింది."

గదిలో వేడి ఎగదన్నింది. చెవులు మండాయి. ట్యాబులో గీత పైపైకి లేచింది.

"దాహం అన్నారు. నీళ్ళు పోస్తే మింగలేకపోయారు."

దానిలోంచి గుటక అడ్డుపడిన చప్పుడు.

"తర్వాత చల్లబడ్డారు. ముందు కాళ్ళు."

నేల మీద నుంచి చలి పాక్కుంటూ వచ్చింది.

"ఊపిరి... ఆగి ఆగి వచ్చింది. నా చెయ్యి పట్టుకున్నారు."

వదిన చెయ్యి చాచింది. ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు ఆవిడ వేళ్ళు ఒకదానికొకటి నొక్కుకుపోయాయి. వేళ్ళ చివర్లు తెల్లబడ్డాయి. ఆ నొప్పికి ఆవిడ మొహం వంకర పోయింది, కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఏమండీ అన్నాను. పలకలేదు."

హోరు తెగింది. మళ్ళీ వచ్చింది. తెగింది.

"ఇంకొక్కసారి ఊపిరి తీస్తారనుకుని చూశాను. తెల్లారేదాకా చూశాను. తీయలేదు." వదిన చాచిన చెయ్యి దించలేదు. "అంతే. ఇంక చెప్పడానికేమీ లేదు. ఆయన పోయారు."

వేళ్ళు విడిపోయాయి.

నిశ్శబ్దం. మొహం మీద గాలి ఆగింది. గుమ్మం దగ్గర బాబాయి టార్చి భగ్గున తెల్లగా వెలిగింది. మూల ఖాళీ. ట్యాబులో గీత నేలకి దిగి సున్నా మీద పడుకుంది.

బాబాయి, నేను వదినని చెరోవైపు పట్టుకుని కిందికి దించాం. జీపులో ఆవిడ గుండె పగిలేలా ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఎవరి ముందూ ఏడవని ఏడుపు. నేను ఊరుకోమనలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఆవిడ పక్క మీద వాలగానే నిద్రపోయింది. నేను లేచి లేచి ఆవిడ ఊపిరి చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ ఫ్లాటు మీటరు మళ్ళీ కదల్లేదు. కొన్నాళ్ళకి బిల్డింగు పడగొట్టారు. వదిన కుడిచేతి వేళ్ళ మీద కమిలిన మచ్చలు మెల్లగా పచ్చబడి పోయాయి. ఇప్పుడు వంటింట్లో గిన్నెలు తోముకుంటూ అన్నయ్య కబుర్లు చెబుతుంది. నేను పొడి గుడ్డతో తుడుస్తూ వింటాను. ఎంతసేపైనా వింటాను. మాట మార్చను.

ఆఫీసులో మాత్రం ఇద్దరం నోరు మెదపం.

మొన్న సారు ఆ ఫ్లాటు కనెక్షను పూర్తిగా తీసేసి లెక్క మూసేయమన్నారు. మూసే ముందు ఆ సాయంత్రం లెక్క చివరిసారిగా తెరిచాను. మా కొత్త మీటర్లలో రెండు గడులుంటాయి. ఒకటి లైనులోంచి ఇంట్లోకి వచ్చిన కరెంటుకి. రెండోది, డాబా మీద సోలారు పలకలు పెట్టుకున్నవాళ్ళ ఇంట్లోంచి తిరిగి లైనులోకి పోయే కరెంటుకి. ఆ బిల్డింగు మీద పలకలెప్పుడూ లేవు. ఆ రెండో గడి వైపు ఇన్నాళ్ళూ నేను కన్నెత్తి చూడనే లేదు.

గీత సున్నాకి పడిపోయిన క్షణంలో ఆ గడిలో ఒక అంకె ఉంది. చిన్నదే.

అంటే ఆ ఇంట్లోంచి ఏదో బయటికి వెళ్ళింది. లైనులోకి.